బాబర్ తోటలలో నీటి హౌజు: ఒక నిర్మాణ చరిత్ర

క్రీ.శ. 1526 ఏప్రిల్‌లో పానిపట్టు యుద్ధం ముగిసింది. మే నెలలో జహీరుద్దీన్ ముహమ్మద్ బాబర్ ఆగ్రాలో ప్రవేశించాడు. చుట్టూ శత్రువులు, భరించరాని ఎండలు, కాబూల్‌కు మరలిపోదామని తొందరపెడుతున్న అమీర్లు. ఇన్ని చిక్కుల మధ్య, ఆ నగరంలో కాలుమోపిన కొద్ది రోజులకే అతడు యమున దాటి అవతలి ఒడ్డుకు వెళ్లాడు. తోట వేయడానికి, నీరు పారించడానికి తగిన నేల దొరుకుతుందేమోనని చూడటమే ఆ ప్రయాణపు ఉద్దేశం.

ఆ నేల అతనికి ఏమాత్రం నచ్చలేదు. ఎగుడుదిగుడుగా, వికారంగా ఉన్న ఆ ప్రదేశాన్ని చూసి తోట ఆలోచననే మానుకోబోయాడు. అయితే ఆగ్రాకు దగ్గరలో అంతకన్నా మెరుగైన స్థలం లేదు. చివరికి అక్కడే పని ప్రారంభించక తప్పలేదు. హిందూస్థానంలో అతని తొలి తోట, తొలి హౌజు ఈ విధంగా మొదలయ్యాయి.

చక్రవర్తుల తోటలను పొగిడే రచనలు చరిత్రలో కోకొల్లలు. కాని ఆ తోటలోకి నీరు ఎక్కడి నుండి వచ్చింది, దానిని ఎలా తోడారు, హౌజు గట్టును సమమట్టానికి ఎలా తెచ్చారు అనే విషయాలు చెప్పే గ్రంథాలు అరుదు. బాబర్ తన మాతృభాష అయిన చగతాయ్ తుర్కీలో వ్రాసుకున్న స్వీయచరిత్ర ఈ లోటును చాలావరకు తీరుస్తుంది. అక్బర్ కోరికపై అబ్దుర్రహీం ఖానెఖానాన్ 1589లో దానిని పారశీకంలోకి అనువదించాడు. ఆ అనువాదం వల్లనే మొగల్ దర్బారు చిత్రకారులకు ఈ వివరాలు అందాయి. 1590 ప్రాంతంలో తయారైన ఒక ప్రతిలో బిషన్‌దాస్ చిత్రించిన దృశ్యమొకటి ఉంది. అందులో బాబర్ తోట పని చేయిస్తూ నిలబడి ఉంటాడు. ఎదుట ఒకతను నక్షా పలక పట్టుకొని ఉంటాడు. పనివారు నేలపై కొలతాడు పట్టి ఉంటారు. మధ్యలో నీటి కాలువలు తోటను నాలుగు భాగాలుగా విభజిస్తుంటాయి. ముందు కొలత, తర్వాత తవ్వకం అన్న క్రమం ఆ ఒక్క చిత్రంలోనే స్పష్టమవుతుంది.

నేలపై హక్కు

నీటి ఏర్పాటు గురించి బాబర్ నేర్చిన తొలి పాఠాలు కాబూల్ ప్రాంతానివి. 1504లో అతడు కాబూల్‌ను స్వాధీనం చేసుకున్నాడు. ఆ నగరానికి ఉత్తరాన, కొండ వాలులో ఇస్తాలిఫ్ అనే గ్రామం ఉంది. అక్కడ బాగె కలాన్ అనే పెద్ద తోట ఉండేది. అంతకుముందు కాబూల్‌ను ఏలిన ఉలూగ్ బేగ్ మీర్జా దానిని సొంతదారుల నుండి బలవంతంగా లాక్కున్నాడు. ఈ ఉలూగ్ బేగ్ బాబర్‌కు పినతండ్రి వరుస. సమర్‌ఖండ్‌లో వేధశాల కట్టించిన ఉలూగ్ బేగ్ వేరు. బాబర్ ఆ తోటను తనదిగా చేసుకొనేముందు అసలు యజమానులకు దాని వెల చెల్లించాడు. జయించిన రాజుకు అడిగేవారు లేరు. అయినా వెల చెల్లించిన సంగతిని అతడు ప్రత్యేకించి తన గ్రంథంలో నమోదు చేశాడు.

ఇస్లామీయ న్యాయశాస్త్రం తెలిసినవారికి దీని ప్రాముఖ్యం వేరుగా చెప్పనక్కరలేదు. నేలను దౌర్జన్యంగా ఆక్రమించటాన్ని ‘గస్బ్’ అంటారు. అలాంటి నేలపై ఎంత చక్కని నిర్మాణం లేచినా ఆక్రమణ దోషం తొలగిపోదు. నీటి విషయంలో షరీఅత్ మరింత జాగ్రత్త వహించింది. నీరు, పచ్చిక, నిప్పు – ఈ మూడింటిలో ప్రజలు భాగస్వాములని దైవప్రవక్త (సఅసం) బోధించినట్లు హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. మదీనాలోని రూమా బావిని హజ్రత్ ఉస్మాన్ (రజి) సొంత ధనంతో కొని ముస్లింలందరికీ వదిలివేయటం సుప్రసిద్ధమైన ఘటన. బావి ప్రజలకు అవసరమైనదే. అయినా దానిని యజమాని నుండి లాక్కోలేదు, కొన్నారు. ఏ హౌజుకైనా తవ్వకానికి ముందు తేలవలసిన విషయం ఇదే: నేల ఎవరిది, ఆ నీటిలో ఎవరెవరికి వాటా ఉంది.

ఇస్తాలిఫ్ తోట మధ్యగా, ఒక తిరగలిని తిప్పగలిగినంత నీటితో ఒక వాగు పారేది. దాని గట్లపై చినార్ చెట్లు ఉండేవి. ఆ వాగు వంకరటింకరగా సాగేది. బాబర్ దానిని తిన్నగా, ఒక క్రమంలో పారేటట్లు మార్పించాడు. కొండ వాలుపై పారే నీటిని మళ్లించటం కష్టమైన పని కాదు. నీరు తన బరువుతో తానే కిందికి వస్తుంది. మనిషి చేయవలసిందల్లా దారి చూపటమే.

బాగె వఫా

హి.శ. 914 (క్రీ.శ. 1508-09)లో అదీనాపూర్ కోట ఎదుట, నేటి జలాలాబాద్ ప్రాంతంలో, బాబర్ ‘బాగె వఫా’ అనే తోట వేయించాడు. తోటకు, కోటకు మధ్య సుర్ఖ్‌రూద్ నది పారుతుంది. స్థలం ఎత్తైనది, పారే నీరు దగ్గరలో ఉంది, శీతాకాలంలోనూ చలి తీవ్రంగా ఉండదు. తోట మధ్యలో చిన్న దిబ్బ ఉంది. ఒక తిరగలికి సరిపడే నీరు ఎల్లప్పుడూ దానిమీదుగా పారేది. నీరు ఎత్తు నుండి మొదలై నలువైపులా దిగేటట్లు నాలుగు మళ్ల తోటను ఆ దిబ్బపైనే అమర్చారు.

తోటకు నైరుతి మూల పదికి పది కొలతగల హౌజు ఉండేది. దాని చుట్టూ నారింజ చెట్లు, కొన్ని దానిమ్మ చెట్లు, వాటి వెలుపల పచ్చిక. నారింజ పండ్లకు రంగు తిరిగే వేళ ఆ మూలే తోట మొత్తానికి అందమైన భాగమని బాబర్ భావించాడు. అక్కడ అతడు అరటి మొక్కలు తెప్పించి నాటించాడు. అవి బాగా ఎదిగాయి. అంతకుముందే చెరకు కూడా వేయించాడు.

ఇందులో గమనించవలసిన విషయముంది. దిబ్బ మీదుగా నీరు నిరంతరం పారుతున్నప్పుడు హౌజు అవసరమేమిటి? పారే నీటిని కాసేపు నిలిపితే దానిలోని ఇసుక, ఒండ్రు అడుగుకు దిగుతాయి. పైన తేట నీరు మిగులుతుంది. ఒకే చోట నిల్వ ఉన్న నీటిని, కావలసినప్పుడు కావలసిన మడికి, తూము తీసి వదలవచ్చు. పైగా వేసవిలో ఆ పరిసరాల గాలి చల్లబడుతుంది. అంటే హౌజు తోటకు అలంకారం మాత్రమే కాదు. నీటికి గిడ్డంగి, వడపోత, పంపిణీ కేంద్రం కూడా.

ఆగ్రా: మొదట బావి

కాబూల్‌లో నేర్చిన ఈ విద్య ఆగ్రాలో అక్కరకు రాలేదు. అక్కడ కొండ లేదు, వాలు లేదు, పారే సెలయేరు లేదు. యమున ఉంది గాని దాని నీరు ఒడ్డుకన్నా ఎంతో కిందుగా ఉంది. తోటల విషయంలో ఇరవై ఏళ్లకు పైగా అనుభవం గడించిన బాబర్ ఇక్కడ మళ్లీ మొదటి మెట్టు దగ్గర నిలబడవలసివచ్చింది.

అతడు పనిని ఏ వరుసలో చేయించాడో స్వీయచరిత్రలో ఉంది. మొదట హమ్మాముకు నీరందించే పెద్ద బావి తవ్వించాడు. దానితోపాటే చింతచెట్లున్న జాగాలో అష్టకోణపు హౌజు పని సాగింది. ఆ తర్వాత ప్రాకారంతో కూడిన పెద్ద హౌజు, ఆ పిమ్మట బయటి భవనం ఎదుట మరో హౌజు, స్తంభాల చావడి, అటుపైన అంతఃపుర గృహం, దాని తోట, చివరకు హమ్మాము. గులాబీలు, నర్గీస్ పూలు క్రమంగా నాటిన మళ్లు ఆ వెనుక రూపుదిద్దుకున్నాయి.

ఈ వరుసలోనే పని రహస్యమంతా ఉంది. మొక్కకన్నా ముందు మడి, మడికన్నా ముందు హౌజు, హౌజుకన్నా ముందు బావి. కొత్తగా తోట వేసేవాడు సాధారణంగా దీనికి విరుద్ధంగా ఆలోచిస్తాడు. పూల మళ్లను ఊహించుకొని పని మొదలుపెడతాడు. వేసవిలో నీరు ఎంత దొరుకుతుందో తేలకుండా గుంట పరిమాణం నిర్ణయిస్తే ఆ హౌజు ఏడాదిలో సగం కాలం ఎండి, అడుగు పగుళ్లుబారి నిలుస్తుంది. మట్టం విషయమూ అంతే. హౌజు తోటలోని మళ్లకన్నా ఎత్తున ఉండాలి. బావి గట్టు మీద నీరు పడే తొట్టి హౌజుకన్నా ఎత్తున ఉండాలి. ఒకచోట మూరెడు తేడా వచ్చినా నీరు వెనక్కి తన్నుతుంది.

ఆగ్రా ప్రజలు ఇంత క్రమంగా కొలిచి వేసిన తోటలను అంతకుముందు చూసి ఉండకపోవటంతో, యమునకు ఆవలి ఆ ఒడ్డును ‘కాబూల్’ అని పిలవసాగారు. ఖలీఫా, షేఖ్ జైన్, యూనుస్ అలీ మొదలైన అమీర్లు కూడా ఆ ఒడ్డునే తోటలు, హౌజులు కట్టించుకున్నారు. నేడు ఆగ్రాలో ఆరాంబాగ్‌గా చూపే తోటను బాబర్ పేరుతో చెప్పటం వాడుక. కాని ఇప్పుడు అక్కడ కనిపించే కట్టడాలు, అమరిక చాలావరకు జహంగీర్ కాలంలో నూర్జహాన్ ఏర్పరచినవని చరిత్రకారులు నిరూపించారు.

నీటిని పైకి తెచ్చే మార్గం

బావి తవ్వితే చాలదు. నీరు పైకి రావాలి. హిందూస్థానంలో బావి నీటిని తోడే రెండు పద్ధతులను బాబర్ వివరంగా పరిశీలించాడు. లాహోర్, దీపాల్‌పూర్, సర్హింద్ ప్రాంతాలలో నీటి చక్రం వాడేవారు. బావి లోతుకు సరిపడే రెండు తాళ్లను వలయాలుగా కట్టి, వాటి మధ్య కర్రముక్కలు బిగించి, ఆ కర్రలకు కుండలు కట్టేవారు. ఈ కుండల మాలను బావిపైనున్న చక్రంపై వేసేవారు. ఎద్దు తిరిగితే పళ్ల చక్రం తిరిగి, దానితో కుండల చక్రం తిరిగేది. కుండలు ఒకదాని వెంట ఒకటి తొట్టిలో ఒలికేవి.

ఆగ్రా, బయానా ప్రాంతాలలో పద్ధతి వేరు. బావి అంచున గిలక, గిలకపై తాడు, తాడు చివర తోలు బాన. ఎద్దు తాడును లాగుతూ దూరంగా నడుస్తుంది. ఒకరు ఎద్దును తోలాలి, ఇంకొకరు బానను ఒంపాలి. తెలుగు రైతు దీనిని వెంటనే గుర్తుపడతాడు; ఇది అతని మోట, లేదా కపిలి. ఎద్దు మూత్రం, పేడ పడిన దారిలో ఈడ్చుకువచ్చిన తాడే మళ్లీ బావిలోకి దిగుతుందని బాబర్ అసహ్యించుకున్నాడు. ఇది రాజు సుకుమారతనం కాదు. వుజూకు, స్నానానికి వాడే నీరు శుద్ధంగా ఉండాలన్నది ముస్లింకు ఆచరణ విషయం. యమున ఒడ్డు తోటలలో లాహోర్, దీపాల్‌పూర్‌ల చక్రాలనే నెలకొల్పారు.

చక్రం ఉన్నా ఎద్దు రాత్రింబవళ్లు తిరగలేదు. కనుక పగలు తోడిన నీటిని దాచి తోటకు నిలకడగా అందించటానికి హౌజు ఇక్కడ మరింత అవసరమైంది. కాబూల్‌లో కొండ చేసిన పనిని ఆగ్రాలో బావి, ఎద్దు, చక్రం, హౌజు నాలుగూ కలిసి చేశాయి.

ధోల్‌పూర్: నీరే రసమట్టం

ఆగ్రాకు దక్షిణాన ఉన్న ధోల్‌పూర్‌లో ఎర్రరాతి నేల ఉంది. 1527లో బాబర్ అక్కడ ఒక ఏకశిలను చూశాడు. దానిని తొలిచి ఇల్లు చేద్దామని మొదటి ఆలోచన. అంత ఎత్తు ఆ రాతికి లేకపోతే, పైభాగం చదును చేసి అందులోనే హౌజు తొలచమని ఆదేశించాడు. ఎత్తు చాలలేదు. ఉస్తాద్ షా ముహమ్మద్ అనే శిల్పికి అష్టకోణపు హౌజు పని అప్పగించాడు. దానికి ఉత్తరాన మామిడి, నేరేడు చెట్ల మధ్య పదికి పది కొలతతో బావి తవ్వించాడు. ఆ బావి నీరే ఈ హౌజుకు చేరేది.

మరుసటి సంవత్సరం, హి.శ. 935 ముహర్రమ్‌లో, బాబర్ గ్వాలియర్ నుండి తిరిగివస్తూ ఆ పనిని పరీక్షించాడు. రాతి అంచులు సరిగా కుదరలేదు. మరికొందరు రాతిపనివారిని పిలిపించాడు. అడుగును ముందు చదును చేసి, అందులో నీరు పోసి, ఆ నీటి ఆధారంతో పక్కలను ఒకే ఎత్తుకు తీసుకురమ్మన్నాడు. అస్ర్ నమాజు వేళకు కాస్త ముందుగా పక్కలు ఒక ఎత్తుకు వచ్చాయి. ఆపైన హౌజును నింపించి, నీటి అంచునుబట్టి మిగిలిన హెచ్చుతగ్గులు సరిచేసి, నునుపు చేసే పనిలో పడ్డారు.

నిలిచిన నీటి ఉపరితలం ఎప్పుడూ సమంగా ఉంటుంది. నేటి తాపీమేస్త్రి చేతిలోని రసమట్టం పనిచేసేదీ ఈ సూత్రం మీదనే. హౌజు గట్టు ఒక పక్క రెండంగుళాలు తగ్గితే నీరంతా ఆ పక్కనే పొర్లిపోతుంది. మిగిలిన మూడు పక్కలా పొడి అంచు వికృతంగా కనిపిస్తుంది. కట్టే ప్రతివాడికీ ఎదురయ్యే ఈ చిక్కు రాజుకూ ఎదురైంది. కొత్త బావి నీటికి కొద్దిగా వాసన ఉందని తెలిసినప్పుడు, పదిహేను రోజులు రాత్రింబవళ్లు చక్రం ఆపకుండా తిప్పి ఆ నీటిని తోడివేయించాడు. పైపై అందంతో తృప్తిపడక పాత నీటిని పూర్తిగా తొలగించి, కొత్త ఊట వచ్చేవరకు ఆగిన ఈ ఓపిక మెచ్చదగినది.

ఈ తోట కాలక్రమాన మరుగునపడింది. 1978లో ఎలిజబెత్ మొయినిహన్ అనే పరిశోధకురాలు బాబర్ గ్రంథంలోని వర్ణనలను ఆధారంగా చేసుకొని ధోల్‌పూర్ సమీపంలోని ఝోర్ గ్రామంలో దాని అవశేషాలను గుర్తించారు. రాతిలో తొలిచిన కాలువలు, హౌజులు అక్కడ బయటపడ్డాయి.

పదికి పది

బాగె వఫా హౌజుకు, ధోల్‌పూర్ బావికి, ఆగ్రా కోటలో తవ్వించిన మెట్లబావికి కూడా బాబర్ చెప్పిన కొలత ఒక్కటే: పదికి పది. ఫిఖ్హ్ చదివినవారికి ఈ సంఖ్య సుపరిచితం. హనఫీ న్యాయవేత్తలలో ప్రసిద్ధి పొందిన అభిప్రాయం ప్రకారం పది మూరల పొడవు, పది మూరల వెడల్పు గల నీరు ‘అధిక జలం’ కింద లెక్క. అందులో ఒకవైపు మలినం పడినా రంగు, రుచి, వాసన మారనంతవరకు నీరు అపరిశుద్ధం కాదు. ఒక అంచున నీటిని కదిలిస్తే ఆ కదలిక రెండో అంచుకు చేరకపోవటం దీని వెనుకనున్న తర్కం. లోతు విషయంలో, దోసిలితో నీరు ముంచినప్పుడు అడుగు బయటపడకపోతే చాలన్నారు. షాఫయీ విద్వాంసులు మాత్రం ‘రెండు ఖుల్లా’ల పరిమాణాన్ని ప్రమాణంగా తీసుకున్నారు.

మూర అడుగున్నర అనుకుంటే ఇది సుమారు పదిహేను అడుగుల చదరం. మూడడుగుల లోతు నీరున్నా అందులో దాదాపు పంతొమ్మిది వేల లీటర్లు పడుతుంది. మస్జిదులో పదుల మంది ఒకేసారి చుట్టూ కూర్చొని వుజూ చేసుకోవటానికి ఇది తగిన పరిమాణం. బాబర్ కొలతకు కారణం ఫిఖ్హే అని అతని గ్రంథం చెప్పదు. అయితే హనఫీ ధర్మశాస్త్ర విషయాలను ‘ముబయ్యన్’ అనే పద్యగ్రంథంగా తుర్కీలో కూర్చినవాడు అతడే. ఆ సంఖ్యకు ధర్మశాస్త్రంలో ఉన్న స్థానం అతనికి తెలియనిది కాదు.

నీరు ఎంత సమృద్ధిగా ఉన్నా దుబారా తగదన్నది దైవప్రవక్త (సఅసం) బోధన. పారే నది ఒడ్డున వుజూ చేసేవాడికి కూడా ఈ హెచ్చరిక వర్తిస్తుంది. మంచి హౌజులో పొర్లిన నీరు వృథా కాకుండా మళ్లకు చేరటం ఈ బోధనకు అనుగుణమైన ఏర్పాటు.

హింద్ పనివారి పాత్ర

హిందూస్థానంలో పారే నీరు లేదని, తోటలకు క్రమం లేదని బాబర్ చేసిన ఫిర్యాదు చాలాసార్లు ఉదహరింపబడింది. ఆ మాటను యథాతథంగా స్వీకరించటం న్యాయం కాదు. వర్షం కొన్ని నెలలే కురిసే దేశంలో నీటిని నిలిపే విద్య ముందు పెరుగుతుంది. ధోల్‌పూర్‌లో బాబర్ హౌజుకు పక్కనే సుల్తాన్ సికందర్ లోడీ కట్టించిన ఆనకట్ట, దాని వెనుక వాననీటితో నిండిన పెద్ద చెరువు ఉన్నాయి. వాటిని అతడే పేర్కొన్నాడు. దక్కనులో అంతకు మూడు శతాబ్దాల ముందే కాకతీయుల కాలాన పాకాల, రామప్ప చెరువులు వెలిశాయి. తూము, అలుగు, కట్ట అనే మాటలు తెలుగువారికి తోట నుండి రాలేదు, చెరువు నుండి వచ్చాయి. కుతుబ్‌షాహీల పాలనలో 1562 ప్రాంతంలో హుస్సేన్ సాగర్ కట్టినప్పుడు ఈ పాత విద్యే ఉపకరించింది. హైదరాబాదులోని గుల్జార్ హౌజు, మక్కా మస్జిదు హౌజు ఇరానీ అమరికకు, దక్కను నీటి విద్యకు కలయికగా నిలిచాయి.

హింద్‌లోని పనివారి సంఖ్యను, నైపుణ్యాన్ని బాబర్ దాచలేదు. ఆగ్రాలో తన కట్టడాలపై ఆ ఊరి రాతిపనివారే రోజుకు 680 మంది పనిచేశారనీ, ఆగ్రా, సిక్రీ, బయానా, ధోల్‌పూర్, గ్వాలియర్, కోయిల్ ప్రాంతాలలో మొత్తం 1491 మంది ఉన్నారనీ లెక్క చెప్పాడు. సమర్‌ఖండ్ మస్జిదుకు తైమూర్ నియోగించిన రాతిపనివారు 200 మంది అని పోల్చాడు కూడా. సిక్రీ తోటలో గోడ, బావి పని నచ్చక బాధ్యులను బెదిరించి దండించినట్లు కూడా అతని గ్రంథంలోనే ఉంది. దానిని విస్మరించి తోటల అందాన్ని మాత్రమే చెప్పటం చరిత్ర అనిపించుకోదు. నక్షా కాబూల్ నుండి వచ్చింది. రాతిని తొలిచిన చేతులు, బావి తవ్విన చేతులు, చక్రం తిప్పిన ఎద్దులు హింద్‌వి.

ఒక బావి, ఒక ధర్మశాల

1527 ఫిబ్రవరిలో, ఖాన్వా యుద్ధానికి ముందు, బాబర్ మద్యపానం విసర్జించి తౌబా చేశాడు. వెండి బంగారు పానపాత్రలను పగులగొట్టించి పేదలకు, దర్వేషులకు పంచాడు. ఉన్న మద్యాన్ని నేలపాలు చేయించాడు. అది పారబోసిన చోట మెట్లబావి తవ్వించి, పక్కన ధర్మశాల కట్టించమని ఆదేశించాడు. మరుసటి సంవత్సరానికి ఆ పని పూర్తయింది.

అతని తోటలన్నింటిలోకీ ఈ బావికి ప్రత్యేక స్థానముంది. బాగె వఫా నీడ, యమున ఒడ్డు హౌజు రాజుకు, అతని అమీర్లకు విశ్రాంతినిచ్చాయి. ఈ బావి మాత్రం దారిన పోయేవాడి కోసం. దాహం తీర్చటం గొప్ప దానమని ఇస్లాం బోధిస్తుంది. నీటి వనరు ఏర్పరచి వెళ్లినవాడికి మరణానంతరం కూడా పుణ్యం చేరుతూనే ఉంటుందని విద్వాంసులు ‘సదఖయె జారియా’ కింద వివరిస్తారు. 1530 డిసెంబరులో బాబర్ ఆగ్రాలో మరణించాడు. మొదట యమున ఒడ్డు తోటలోనే ఖననం చేశారు. తర్వాత అతని భౌతికకాయాన్ని కాబూల్ తోటకు తరలించారు. ఆగ్రా హౌజులలో ఏది ఎక్కడ ఉండేదో ఇప్పుడు వెతుక్కోవాలి. నేలపై హక్కు, నీటి శుద్ధి, కొలతలో నిజాయితీ, మిగులు నీటిలో ఇతరులకు వాటా – ఈ నాలుగూ మాత్రం ఆనాటిలాగే ఈనాడూ, ఇంటి పెరట్లో చిన్న హౌజు తవ్వుకొనే ప్రతివాడి ముందూ నిలిచే ప్రశ్నలు.